లినక్స్ డ్రైవర్లలో పిన్ దిశ: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కాజీపేట కాలేజీల్లో ప్రాజెక్టు చేసే పిల్లలైనా, కరీంనగర్, జగిత్యాల వైపు బోరు మోటార్లకు కంట్రోలర్లు కట్టి ఇచ్చేవాళ్లైనా కెర్నెల్ డ్రైవర్ దగ్గరికొచ్చేసరికి ఎక్కువగా ఇరుక్కునేది ఒక్కచోటే: జీపీఐఓ పిన్‌ను (బోర్డు మీద మనకు కావాల్సినట్టు వాడుకునే పిన్) ఇన్‌పుట్‌గా పెట్టాలా, అవుట్‌పుట్‌గా పెట్టాలా, ఎప్పుడు పెట్టాలి, ఏ విలువతో పెట్టాలి. ఉదాహరణలు చాలావరకు మోటారు స్టార్టర్ చుట్టూనే తీసుకున్నాను. ఎల్‌ఈడీ వెలిగించే ఉదాహరణలో దిశ తప్పు పెట్టినా ఎవరికీ నష్టం లేదు, అందుకే దాంతో నేర్చుకునేది తక్కువ.

ఫంక్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి. బోర్డులు రాస్ప్‌బెర్రీ పై, బీగల్‌బోన్ బ్లాక్.

పిన్ దిశ అంటే చిప్‌లో నిజంగా ఏం మారుతుంది?

ప్రతి పిన్ వెనక ఒక అవుట్‌పుట్ బఫర్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే పిన్‌ను 0 వోల్టులకో 3.3 వోల్టులకో లాగి పట్టుకుంటుంది. అది అవుట్‌పుట్. బఫర్‌ను ఆఫ్ చేస్తే పిన్ దేన్నీ లాగదు, బయటి వోల్టేజీని చూస్తూ ఊరుకుంటుంది. అది ఇన్‌పుట్. ఆ ఆన్, ఆఫ్ ఒక రిజిస్టర్‌లో ఉంటుంది. కాకపోతే ఒక్కో చిప్‌ది ఒక్కో తీరు.

మొదటి రాస్ప్‌బెర్రీ పైలోని బీసీఎం2835లో ఒక్కో పిన్‌కు మూడు బిట్లు, ఒక్కో రిజిస్టర్‌లో పది పిన్లు. జీపీఐఓ 17 సంగతి చూడాలంటే రెండో రిజిస్టర్‌లో 21 నుంచి 23 వరకు ఉన్న బిట్లు చూడాలి. 000 అయితే ఇన్‌పుట్, 001 అయితే అవుట్‌పుట్, మిగతా ఆరు విలువలు ఐ2సీ, యూఆర్ట్ లాంటి (చిప్‌ల మధ్య సమాచారం పంపే) వేరే పనులకు. బీగల్‌బోన్‌లోని ఏఎం335ఎక్స్‌లో పిన్‌కు ఒకే బిట్, అందులో 1 ఉంటే ఇన్‌పుట్, 0 ఉంటే అవుట్‌పుట్. ఆర్డునో నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తికమకపడతారు, ఏవీఆర్‌లో 1 అంటే అవుట్‌పుట్ మరి. మీ డ్రైవర్ ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. జీపీఐఓ చిప్ డ్రైవర్ ఆ పని చూసుకుంటుంది, మీరు జీపీఐఓలిబ్‌ను (కెర్నెల్‌లో పిన్ల సంగతి చూసే భాగం) అడిగితే చాలు.

రిజిస్టర్ అడ్రస్ తెలుసు కదా, నేరుగా రాసేస్తే పోదా?

పనిచేసినట్టే కనిపిస్తుంది. పైన చెప్పిన రిజిస్టర్‌లో పది పిన్లున్నాయి. మీ పిన్ ఒక్కదాన్ని మార్చాలంటే మొత్తం చదివి, మూడు బిట్లు మార్చి, మళ్లీ మొత్తం రాయాలి. మీరు చదవడానికీ రాయడానికీ మధ్య ఇంకో డ్రైవర్ తన పిన్‌ను మార్చిందనుకోండి, మీరు రాసే పాత విలువ దాన్ని చెరిపేస్తుంది. ఈ బగ్ ఎప్పుడో ఒకసారి మాత్రమే వస్తుంది, డెమో రోజు తప్పకుండా వస్తుంది. చిప్ డ్రైవర్ లాక్ పట్టుకుని రాస్తుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

డ్రైవర్‌లో దిశ ఎక్కడ చెప్పాలి?

ప్రోబ్‌లో (డ్రైవర్ మొదలయ్యేటప్పుడు కెర్నెల్ పిలిచే ఫంక్షన్), పిన్‌ను అడిగే లైన్‌లోనే:

రిలే = డెవ్‌ఎం_జీపీఐఓడీ_గెట్(డెవ్, "రిలే", జీపీఐఓడీ_అవుట్_లో);

మూడో మాటే దిశ. జీపీఐఓడీ_ఇన్ అంటే ఇన్‌పుట్. జీపీఐఓడీ_అవుట్_లో, జీపీఐఓడీ_అవుట్_హై అంటే అవుట్‌పుట్, దాంతోపాటు మొదటి విలువ. దిశ, విలువ రెండూ ఒకే అడుగులో వెళ్లిపోతాయి.

ఇంకోటి ఉంది, జీపీఐఓడీ_యాజ్‌ఈజ్. పిన్ ఎలా ఉంటే అలాగే వదిలెయ్యమని. బూట్‌లోడర్ (కెర్నెల్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) అప్పటికే డిస్‌ప్లే పవర్ ఆన్ చేసి పెట్టింది, దాన్ని కదిలిస్తే తెర ఒకసారి ఆరి వెలుగుతుంది అనుకున్నప్పుడు ఇది పనికొస్తుంది. కానీ తర్వాత జీపీఐఓడీ_డైరెక్షన్_ఇన్‌పుట్ గానీ, జీపీఐఓడీ_డైరెక్షన్_అవుట్‌పుట్ గానీ మీరే పిలవాలి. జీపీఐఓకు డిఫాల్ట్ దిశ అంటూ లేదని, దిశ పెట్టకుండా వాడితే ఏం జరుగుతుందో చెప్పలేమని కెర్నెల్ డాక్యుమెంటేషనే చెబుతుంది. "నా బోర్డులో అవుట్‌పుట్‌గానే వస్తోంది" అనేది ఆ బోర్డు, ఆ బూట్‌లోడర్, ఆ రోజు సంగతి.

అన్నా, బోర్డు లేవంగనే రిలే టక్కుమంటది, మోటారు స్టార్టయితది. డ్రైవర్‌లో ఆఫ్ అనే రాసిన. ఎందుకట్ల?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, దీనికి కారణాలు మూడు చోట్ల ఉంటాయి. ముందు స్టార్టర్ వైపు చూద్దాం. త్రీ ఫేజ్ స్టార్టర్‌లో పచ్చ బటన్ ఒక్కసారి నొక్కితే చాలు. కాంటాక్టర్ పడుతుంది, తర్వాత తన సొంత ఆగ్జిలరీ కాంటాక్ట్ మీద తనే నిలబడుతుంది. ఎర్ర బటన్ నొక్కేదాకా, కరెంటు పోయేదాకా, లేదా ఓవర్‌లోడ్ రిలే కొట్టేదాకా వదలదు. మీ రిలే (పిన్ చెప్పినట్టు మూసుకునే, తెరుచుకునే స్విచ్) ఆ పచ్చ బటన్‌కు సమాంతరంగా ఉంది. రిలే క్షణం సేపు మూసుకుంటే చాలు, తర్వాత మీ డ్రైవర్ ఎంత శ్రద్ధగా ఆఫ్ అని చెప్పినా మోటారుకు వినబడదు.

వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది కాబట్టి రాత్రి రెండింటికి కరెంటు కట్టయ్యి మళ్లీ వచ్చినా బోర్డు లేస్తుంది, రిలే టక్కుమంటుంది. బోరులో నీళ్లు అడుగంటి ఉంటే మోటారు ఒట్టిగా తిరిగి, వైండింగ్ కాలిపోయాకే పొద్దున రైతుకు తెలుస్తుంది.

ఇప్పుడు మొదటి కారణం. మార్కెట్లో దొరికే ఆప్టోకప్లర్ రిలే బోర్డులు చాలావరకు యాక్టివ్ లో. ఇన్‌పుట్‌ను కిందికి లాగితే రిలే పడుతుంది. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ పిన్‌కు ఏం కలిపారో కెర్నెల్‌కు చెప్పే ఫైలు) ఆ సంగతి చెప్పకుండా జీపీఐఓడీ_అవుట్_లో అని అడిగితే పిన్ నిజంగానే 0 వోల్టులకు వెళ్తుంది, రిలే పడుతుంది. డివైస్ ట్రీలో ఇలా ఉండాలి:

రిలే-జీపీఐఓస్ = <&జీపీఐఓ 17 జీపీఐఓ_యాక్టివ్_లో>;

ఇది రాశాక జీపీఐఓడీ_అవుట్_లో అంటే "పని చేయించకు" అని అర్థం, పిన్ మాత్రం 3.3 వోల్టుల దగ్గరే ఉంటుంది.

రెండోది. కొందరు ముందు అవుట్‌పుట్ చేసి, తర్వాతి లైన్‌లో విలువ రాస్తారు. ఆ రెండింటి మధ్య పిన్ తప్పు విలువలో ఉంటుంది. అది మైక్రోసెకన్ల పని కాబట్టి రిలే ఆర్మేచర్ కదలకపోవచ్చు, అది కదలడానికి కొన్ని మిల్లీసెకన్లు కావాలి. కానీ అదే పిన్ ఒక మాస్‌ఫెట్‌కో, రీసెట్ లైన్‌కో వెళ్తుంటే మైక్రోసెకన్ కూడా ఎక్కువే. చిప్ డ్రైవర్ రాసేవాళ్లకూ ఇదే సూత్రం: డైరెక్షన్_అవుట్‌పుట్ కాల్‌బ్యాక్‌లో ముందు డేటా రిజిస్టర్‌లో విలువ, తర్వాత దిశ.

మూడోది డ్రైవర్‌తో తీరేది కాదు. కరెంటు వచ్చినప్పటి నుంచి మీ ప్రోబ్ నడిచేదాకా కొన్ని సెకన్లు పడుతుంది. అంతసేపు పిన్ ఇన్‌పుట్‌గా, చిప్ లోపలి పుల్ (పిన్‌ను పైకో కిందికో మెల్లగా లాగే రెసిస్టర్) మీద వేలాడుతూ ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పైలో రీసెట్ అయ్యాక జీపీఐఓ 0 నుంచి 8 వరకు పుల్ అప్, 9 నుంచి 27 వరకు పుల్ డౌన్. అంటే 17 కిందికి లాగబడి ఉంటుంది, మీ రిలే యాక్టివ్ లో. అంత బలహీనమైన పుల్‌తో చాలా రిలేలు పడవు, కానీ "చాలా" అన్నమాట నమ్ముకుని 7.5 హెచ్‌పీ మోటారు పెట్టలేం. రిలే ఇన్‌పుట్ నుంచి 3.3 వోల్టులకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వెయ్యండి. రిలే బోర్డు మీద జేడీ-వీసీసీ జంపర్ ఉంటే తీసి, కాయిల్‌కు 5 వోల్టులు, ఆప్టోకప్లర్ వైపుకు 3.3 వోల్టులు వేరువేరుగా ఇవ్వండి. లేకపోతే పిన్ 3.3 వోల్టులకు వెళ్లినా 5 వోల్టుల నుంచి ఇంకా తేడా మిగిలే ఉంటుంది, ఆప్టోకప్లర్ సగం వెలిగీ వెలగకుండా ఉండి రిలే వదలకుండా సతాయిస్తుంది.

డ్రైవర్ కంటే ముందే కెర్నెల్‌తో దిశ పెట్టించొచ్చా?

పెట్టించొచ్చు. డివైస్ ట్రీలో జీపీఐఓ కంట్రోలర్ కింద జీపీఐఓ-హాగ్ అని ఒక నోడ్ రాసి, అవుట్‌పుట్-లో, అవుట్‌పుట్-హై, ఇన్‌పుట్‌లలో ఒకటి ఇస్తే, జీపీఐఓ చిప్ నమోదయ్యేటప్పుడే దిశ పడిపోతుంది. కానీ హాగ్ చేసిన లైన్‌ను తర్వాత మీ డ్రైవర్ అడిగితే ఈబిజీ (పిన్ ఖాళీగా లేదన్న ఎర్రర్) వస్తుంది. ఎప్పటికీ ఒకే విలువలో ఉండాల్సిన పిన్‌కు ఇది సరిపోతుంది, రిలేకు కాదు. రిలేకైతే యూ-బూట్ అనే బూట్‌లోడర్‌లో పెట్టుకోండి, రెసిస్టర్ మాత్రం ఎలాగూ ఉండాలి.

యాక్టివ్ లో పెడితే దిశ కూడా తిరగబడుతుందా?

లేదు. విలువ మాత్రమే.

పాత డ్రైవర్‌లో జీపీఐఓ_డైరెక్షన్_అవుట్‌పుట్(17, 1) అని ఉంది. కొత్తదానికి మార్చాక అంతా ఉల్టా అయింది?

నంబర్లతో నడిచే పాత పద్ధతిలో 1 అంటే వోల్టేజీ హై, అంతే. డిస్క్రిప్టర్లతో నడిచే కొత్త పద్ధతి 3.13 కెర్నెల్‌తో, 2014లో వచ్చింది. అందులో 1 అంటే "పని చేయించు". పాత డ్రైవర్లు యాక్టివ్ లో సంగతి తామే చూసుకునేవి, విలువకు ముందు ఆశ్చర్యార్థకం పెట్టి తిప్పేవి. మీరు డివైస్ ట్రీలో యాక్టివ్ లో రాసి, కోడ్‌లో ఆ ఆశ్చర్యార్థకం తీసెయ్యడం మరిచారు. రెండుసార్లు తిప్పితే మొదటికే వస్తుంది. అసలు వోల్టేజీనే శాసించాల్సిన అరుదైన చోట జీపీఐఓడీ_డైరెక్షన్_అవుట్‌పుట్_రా ఉంది, కానీ అది కనిపించిన చోటల్లా నేను ముందు డివైస్ ట్రీని అనుమానిస్తాను.

ఇన్‌పుట్‌గానే పెట్టాను, విలువ మాత్రం ఊరికే ఎగురుతోంది?

ఏదీ లాగని ఇన్‌పుట్ గాలిలో ఉన్నట్టే. ట్యాంకులోని ఫ్లోట్ స్విచ్ తెరుచుకుని ఉన్నప్పుడు ఆ వైరును ఎవరు పట్టుకున్నట్టు? డివైస్ ట్రీలో జీపీఐఓ_పుల్_అప్ ఇవ్వండి, చిప్‌కు ఆ సౌకర్యం ఉంటే లోపలి రెసిస్టర్ ఆన్ అవుతుంది. అది పదుల కిలో ఓమ్‌లది. బోర్డు మీది బటన్‌కు సరిపోతుంది గానీ మోటారు కేబుల్ పక్కనే వచ్చే పొడుగు వైరుకు చాలదు. అక్కడ బయట 4.7 కిలో ఓమ్‌లు, మధ్యలో ఆప్టోకప్లర్ తప్పదు.

స్విచ్ బౌన్స్ (ఒక్క నొక్కుకే కాంటాక్ట్ చాలాసార్లు తాకి వదలడం) వేరే సమస్య. జీపీఐఓడీ_సెట్_డిబౌన్స్ మైక్రోసెకన్లలో సమయం తీసుకుంటుంది, చిప్‌కు ఆ హార్డ్‌వేర్ ఉంటేనే పనిచేస్తుంది. ఏఎం335ఎక్స్‌లో 31 మైక్రోసెకన్ల మెట్లతో దాదాపు 7.9 మిల్లీసెకన్ల దాకా ఉంది. నీటి అలలకు ఊగే ఫ్లోట్‌కు అది ఏ మూలకు? డ్రైవర్‌లోనే టైమర్ పెట్టి ఒకటి రెండు సెకన్లు నిలకడగా ఉంటేనే నమ్మండి.

బీగల్‌బోన్‌లో దిశ ఇన్‌పుట్ అనే చూపిస్తోంది, పిన్ మీద 3.3 వోల్టులున్నాయి, చదివితే 0?

దిశ రిజిస్టర్ ఒక్కటే చాలదు. ఏఎం335ఎక్స్‌లో ప్రతి ప్యాడ్‌కు పిన్‌మక్స్ రిజిస్టర్ (ఆ పిన్ ఏ పనికో తేల్చేది) వేరుగా ఉంటుంది, అందులో 5వ బిట్ రిసీవర్‌ను ఆన్ చేస్తుంది. అది ఆఫ్‌లో ఉంటే జీపీఐఓ వైపు దిశ ఎంత సరిగ్గా ఉన్నా బయటి వోల్టేజీ లోపలికి చేరదు. పిన్‌కంట్రోల్ నోడ్‌లో పిన్_అవుట్‌పుట్ అని రాసి ఉంటుంది, చూడండి. పిన్_ఇన్‌పుట్ కావాలి. రెండు దిశలూ వాడే పిన్‌కు కూడా పిన్_ఇన్‌పుట్ అనే పెట్టాలి, దానివల్ల అవుట్‌పుట్‌కు అడ్డేమీ లేదు.

దిశ తప్పు పెడితే చిప్ కాలిపోతుందా?

కాలొచ్చు. సెన్సర్ తన పిన్‌ను హైకి లాగుతుండగా మీరు అదే వైరును అవుట్‌పుట్ చేసి 0 రాస్తే, ఒకే కాడికి రెండు ఎడ్లను ఎదురెదురుగా కట్టినట్టే. కరెంటు రెండు బఫర్ల గుండా పారుతుంది. ప్రయోగాల బోర్డు మీద ప్రతి లైన్‌కు వరుసలో 330 ఓమ్‌ల రెసిస్టర్ వేసుకుంటే ఎంత గుంజినా 10 మిల్లీ యాంపియర్లు దాటదు. 5 వోల్టుల సెన్సర్‌ను రాస్ప్‌బెర్రీ పైకి నేరుగా తగిలించడం మాత్రం ఇన్‌పుట్‌గా ఉన్నా ప్రమాదమే, ఆ పిన్లు 3.3 వోల్టులవి.

ఒకే పిన్‌ను నడుస్తుండగా అటూ ఇటూ మార్చొచ్చా?

మార్చొచ్చు. దానికి చక్కని ఉదాహరణ కెర్నెల్‌లోనే ఉన్న డీహెచ్‌టీ11 డ్రైవర్. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి నిల్వ చేసే గోదాముల్లో తేమ కొలుద్దామని ప్రాజెక్టు మొదలుపెట్టే ప్రతి బ్యాచ్ చేతిలో ఈ నీలం సెన్సరే ఉంటుంది. దీనికి డేటా వైరు ఒకటే. డ్రైవర్ ముందు జీపీఐఓడీ_డైరెక్షన్_అవుట్‌పుట్‌తో 0 పెట్టి 18 నుంచి 20 మిల్లీసెకన్లు ఆగుతుంది. సెన్సర్‌కు అది "చెప్పు" అన్న సైగ. వెంటనే జీపీఐఓడీ_డైరెక్షన్_ఇన్‌పుట్, ఆపైన రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ, అంటే పిన్ మారగానే కబురు చెప్పే ఇంటరప్ట్ అడగడం. సెన్సర్ పంపే అంచుల సమయాలు గుర్తుపెట్టుకుని, అన్నీ వచ్చాక ఫ్రీ_ఐఆర్‌క్యూ.

ఆ వరుస ఊరికే రాసింది కాదు. ఇంటరప్ట్ ఆన్‌లో ఉన్న పిన్‌ను అవుట్‌పుట్ చెయ్యబోతే జీపీఐఓలిబ్ ఒప్పుకోదు, ఈఐఓ ఎర్రర్ ఇచ్చి, ఐఆర్‌క్యూకు కట్టిన జీపీఐఓను అవుట్‌పుట్ చెయ్యబోయారని లాగ్‌లో రాస్తుంది. అందుకే ప్రతి రీడింగ్‌కూ ఇంటరప్ట్‌ను కొత్తగా తీసుకుని, అయ్యాక వదిలేస్తుంది. డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఐఐఓ, అందులో హ్యుమిడిటీ కింద ఉంటుంది. చిన్న ఫైలు, టీ తాగేలోపు చదివెయ్యొచ్చు. మీ సొంతది రాసే ముందు అది చదవండి. చాలామందికి రాయాల్సిన అవసరమే ఉండదు.

ఓపెన్ డ్రెయిన్ అన్నా దిశ మార్చడమే కదా?

లోపల దాదాపు అంతే. 0 అయితే కిందికి లాగాలి, 1 అయితే వదిలెయ్యాలి, పైకి లాగే పని బయటి రెసిస్టర్‌ది. చిప్‌కు ఓపెన్ డ్రెయిన్ లేకపోతే 1 రాసినప్పుడు జీపీఐఓలిబ్ పిన్‌ను ఇన్‌పుట్‌గా మార్చి అదే ఫలితం తెస్తుంది. కాబట్టి మీ డ్రైవర్‌లో చేత్తో దిశ మార్చే ఆట వద్దు. డివైస్ ట్రీలో జీపీఐఓ_ఓపెన్_డ్రెయిన్ రాసి, మామూలుగా విలువలు రాస్తూ పోండి.

పిన్లు చాలక ఐ2సీ ఎక్స్‌పాండర్ పెట్టాం. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో దిశ మారిస్తే కెర్నెల్ గోల పెడుతోంది?

పెట్టాలి మరి. పీసీఏ9555 అనే ఎక్స్‌పాండర్‌లో దిశ మార్చడమంటే ఐ2సీ మీద మూడు బైట్లు పంపడం. 100 కిలోహెర్ట్జ్ దగ్గర దానికి దాదాపు 0.3 మిల్లీసెకన్లు, అంతసేపు మీ కోడ్ నిద్రపోవాలి. హార్డ్ ఇంటరప్ట్‌లో, స్పిన్‌లాక్ పట్టుకుని ఉండగా నిద్ర కుదరదు. థ్రెడెడ్ ఇంటరప్ట్‌కో, వర్క్‌క్యూకో మార్చండి. విలువ రాయడానికి చివర క్యాన్‌స్లీప్ ఉన్న ఫంక్షన్ వాడండి.

పీసీఎఫ్8574ది ఇంకా వింత. అందులో దిశ రిజిస్టరే లేదు. పిన్‌కు 1 రాస్తే బలహీనంగా పైకి లాగి వదిలేస్తుంది, అదే దాని ఇన్‌పుట్. దాని అవుట్‌పుట్ హై మీద రిలే కాయిల్ నడపాలని చూడకండి, అంత కరెంటు దాని దగ్గర లేదు.

సిస్‌ఎఫ్‌ఎస్‌లో (పిన్లను ఫైళ్లలా చూపించే చోటు) ఎకో అవుట్ అని రాసే పాత పద్ధతి ఇప్పుడు పనిచెయ్యట్లేదు సార్?

నంబర్లు మారాయి. 6.6 కెర్నెల్ నుంచి రాస్ప్‌బెర్రీ పైలో నంబర్లు 512 నుంచి మొదలవుతాయి, మీ 17 ఇప్పుడు 529. ఆ నంబర్ వెతుక్కునే బదులు పద్ధతే మార్చుకోండి. సిస్‌ఎఫ్‌ఎస్ స్థానంలోకి క్యారెక్టర్ డివైస్ 2016లో 4.8 కెర్నెల్‌తో వచ్చింది. జీపీఐఓఇన్ఫో అని కొడితే ప్రతి లైన్ దిశ, ఎవరు వాడుతున్నారు అనేది కనిపిస్తుంది. జీపీఐఓసెట్ వాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, ఆ ప్రోగ్రామ్ ఆగిపోయాక పిన్ అదే విలువలో ఉంటుందన్న హామీ లేదు. ఇంకా సిస్‌ఎఫ్‌ఎస్ తప్పని పాత బోర్డు అయితే డైరెక్షన్ ఫైలులో అవుట్ అని కాకుండా హై లేదా లో అని రాయండి. దిశ, విలువ ఒకేసారి పడతాయి.

ఆర్‌ఎంమాడ్‌తో డ్రైవర్‌ను తీసేస్తే దిశ ఏమవుతుంది?

చిప్‌ను బట్టి. జీపీఐఓలిబ్ పాత దిశను తిరిగి తెచ్చిపెట్టదు. కొన్ని చోట్ల పిన్ ఉన్నట్టే ఉంటుంది, కొన్ని చోట్ల ఇన్‌పుట్ అవుతుంది. రిమూవ్‌లోనూ షట్‌డౌన్‌లోనూ రిలేను ఆఫ్ విలువకు తెచ్చి వదలండి. షట్‌డౌన్ కాల్‌బ్యాక్ రాయనివాళ్లే ఎక్కువ. రీబూట్ చేసినప్పుడు రిమూవ్ నడవదని చాలామందికి తెలియదు.

బోర్డు లేకుండా ఇవన్నీ నేర్చుకోవచ్చా?

హాస్టల్ గదిలో లాప్‌టాప్ మీదే చెయ్యొచ్చు. 2022లో 5.17 కెర్నెల్‌తో జీపీఐఓ-సిమ్ అనే మాడ్యూల్ వచ్చింది. కాన్ఫిగ్‌ఎఫ్‌ఎస్‌లో ఫోల్డర్లు సృష్టించి, ఎన్ని లైన్లో చెప్పి, లైవ్ ఫైలులో 1 రాస్తే నకిలీ జీపీఐఓ చిప్ తయారవుతుంది. పుల్ ఫైలులో పుల్-అప్ అని రాస్తే బయటి నుంచి స్విచ్ నొక్కినట్టు, వాల్యూ ఫైలు చదివితే అవుట్‌పుట్ కనిపించినట్టు. పైన చెప్పిన యాక్టివ్ లో తికమకను దీనిమీద ఒక సాయంత్రం కుస్తీ పడితే తేలిపోతుంది.

స్టార్టర్‌కు కలిపే ముందు చివరగా ఏం చూసుకోవాలి?

స్టార్టర్ వైర్లు విప్పి పక్కన పెట్టండి, రిలే కాంటాక్టుల మీద మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టండి. బోర్డుకు కరెంటు తీసి ఇవ్వండి, కొన్నిసార్లు. ఒక్కసారి బీప్ వచ్చినా కలపొద్దు. తర్వాత కెర్నెల్ లోపలి సంగతులు చూపించే డీబగ్ఎఫ్‌ఎస్‌లో జీపీఐఓ ఫైలు తెరిచి మీ లైన్ చూడండి. యాక్టివ్ లో రిలే ఆఫ్‌లో ఉంటే అవుట్, హై, యాక్టివ్ లో అని కనిపించాలి. అక్కడి హై పిన్ మీది అసలు వోల్టేజీ, మీ కోడ్‌లోని విలువ కాదు. ఇన్ అని కనిపిస్తే డ్రైవర్ ప్రోబ్ దాకా రాలేదు, లేదా యాజ్‌ఈజ్‌తో అడిగి మరిచిపోయింది. ఇక 415 వోల్టుల వైపు వైర్లు బిగించే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు వదిలెయ్యండి, ఎర్ర బటన్ వైర్లను మాత్రం మీ రిలేతో కలపొద్దని అతనికి ముందే చెప్పండి. బోర్డు హ్యాంగ్ అయినా చేత్తో నొక్కితే మోటారు ఆగాలి.